ఇరాన్‌వారి నౌరూజ్‌ను వంటింటి దారిన తెలుసుకునే పద్ధతి

పరాయి దేశపు తిండిని గురించి తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా ఆ దేశం పేరు పెట్టుకున్న హోటలుకు వెళ్లి, జాబితాలో ఉన్న వంటకాలను ఒకదాని తరువాత ఒకటి రుచి చూస్తారు. దానివల్ల నాలుకకు కొత్త రుచులు పరిచయమవుతాయే తప్ప, ఆ వంటకాన్ని ఎవరు, ఏ రోజున, ఎవరి కోసం వండుతారో తెలియదు. ఉగాది పచ్చడిని ఆషాఢమాసంలో ఏ హోటలులోనో చిన్న గిన్నెలో పెట్టి ఇస్తే, తిన్న విదేశీయుడికి మన పండగ గురించి ఎంత తెలుస్తుందో, పరాయి పండగ గురించి మనకూ అంతే తెలుస్తుంది. అందుచేత దేశాన్నంతటినీ ఒకేసారి పట్టుకోవాలని చూడకుండా, ఒక పండగను ఎంచుకుని, ఇల్లు దులిపే రోజు మొదలుకొని పండగ ముగిసే రోజు దాకా దాని వెంట నడవడం మేలని నా అభిప్రాయం. అలా నడవడానికి తెలుగువారికి బాగా అనువైనది ఇరాన్‌వారి కొత్త సంవత్సరపు పండగ నౌరూజ్.

అనువైనదని చెప్పడానికి కారణాలున్నాయి. ఇది మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా, మార్చి నెలలో వస్తుంది. ఒక మతానికి కట్టుబడిన పండగ కాదు. ఇరాన్‌లో ముస్లిములు, ప్రాచీన ఇరాన్ మతాన్ని పాటించే జొరాస్ట్రియన్లు, యూదులు, క్రైస్తవులు కూడా దీన్ని తమదిగా చేసుకుంటారు. ప్రధాన వంటకాల్లో ఆకుకూరలదే పెద్దపీట కాబట్టి మాంసం తిననివారికి కూడా చేయడానికి చాలా ఉంటుంది. దినుసుల్లో ముప్పాతిక వంతు మన కూరగాయల బజారులోనే దొరుకుతాయి. కబాబులే ఇరాన్ తిండి అనుకునేవారికి ఈ పండగ వంటలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది, ఎందుకంటే కబాబు ఎక్కువగా బజారులో తినేది, పండగ అన్నం ఇంట్లో వండేది.

ముందు పంచాంగం

మొదట తెలుసుకోవలసింది తేదీ. ఉగాది చాంద్రమానం ప్రకారం వస్తుంది కనుక దాని తేదీ ఏటా మారుతుంది. నౌరూజ్ సూర్యుణ్ణి పట్టుకుని ఉంటుంది కనుక మార్చి 20 లేదా 21ని దాటి పోవడం అరుదు. వసంత విషువత్తు, అంటే సూర్యుడు భూమధ్యరేఖను దాటి ఉత్తరానికి వచ్చే ఘడియ, ఏ క్షణంలో వస్తుందో ఆ క్షణమే వారికి కొత్త సంవత్సరం. దాన్ని ‘తహ్‌వీల్’ అంటారు. అది తెల్లవారుజామున రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు. ఎప్పుడు వచ్చినా ఇంటిల్లిపాదీ లేచి, కొత్త బట్టలు కట్టుకుని, పండగ బల్ల చుట్టూ కూర్చోవలసిందే. టెహ్రాన్ కాలమానానికి రెండు గంటలు కలిపితే మన కాలమానం వస్తుంది. ఉదాహరణకు 2025లో ఆ ఘడియ మార్చి 20న టెహ్రాన్‌లో మధ్యాహ్నం 12 గంటల 31 నిమిషాలకు వచ్చింది, అప్పుడు మనకు 2 గంటల 31 నిమిషాలు. అయితే అక్కడ ఒక నియమం ఉంది: ఘడియ మధ్యాహ్నానికి ముందు వస్తే ఆ రోజే సంవత్సరాది, మధ్యాహ్నం దాటాక వస్తే మరునాడు. అందుకే వారి లెక్కలో 1404వ సంవత్సరపు మొదటి రోజు మార్చి 21 అయింది. ఈ సౌరమాన పంచాంగాన్ని ఇరాన్ 1925లో చట్టం చేసి అమలులోకి తెచ్చింది.

తేదీ తెలిశాక దాని నుంచి వెనక్కు ఒక రెండు వారాలు, ముందుకు పదమూడు రోజులు లెక్క వేసుకుని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. ఈ పండగ ఒక పూట భోజనంతో అయిపోయేది కాదు. దానికి తయారీ ఉంది, నడక ఉంది, ముగింపు ఉంది. కేవలం మార్చి 21న ఒక వంటకం చేసి ఊరుకుంటే మళ్లీ హోటలు దగ్గరికే వచ్చినట్టవుతుంది.

ఎవరిని అడగాలి

ఇంటర్నెట్‌లో నౌరూజ్ గురించి దొరికే వ్యాసాలన్నీ దాదాపు ఒకే జాబితాను మళ్లీ మళ్లీ చెబుతాయి. వాటిని ఒకసారి చదివి పక్కన పెట్టి, ఇరాన్ ఇల్లు ఒకటి తెలిసిన మనిషిని వెతకడం మంచిది. హైదరాబాదులో చదువుకోవడానికి వచ్చే ఇరాన్ విద్యార్థులు చాలా కాలంగా ఉన్నారు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇది ఇంకా సులభం. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడినవారు ఎంత ఎక్కువంటే, అక్కడి వెస్ట్‌వుడ్ పరిసరాలకు ‘టెహ్రాంజిలిస్’ అని ముద్దుపేరు పడింది. టొరంటోలో యంగ్ స్ట్రీట్ ఉత్తర భాగాన, దుబాయిలో దేరా ప్రాంతంలో ఇరాన్ దుకాణాలున్నాయి. మార్చి మొదటి వారంలో అటువంటి దుకాణంలోకి వెళ్తే పండగ సరుకులన్నీ ఒకచోట కనిపిస్తాయి. దుకాణదారు తీరికగా ఉంటే, ఏది దేనికో ఆయనే చెబుతాడు.

అడిగే పద్ధతిలో కూడా మెళకువ ఉంది. ‘మీ పండగకు అర్థమేమిటి’ అని అడిగితే ఎదుటివారు పాఠ్యపుస్తకంలోని జవాబు చెబుతారు. ‘మీ ఇంట్లో పండగ రాత్రి ఏం వండేవారు, ఎవరు వండేవారు, అందులో మీకు నచ్చనిది ఏది’ అని అడిగితే అసలు సంగతులు బయటికి వస్తాయి. గీలాన్, మాజందరాన్ వంటి కాస్పియన్ తీరపు ప్రాంతాలవారు చెప్పేదానికీ, యజ్ద్ ఎడారి ప్రాంతంవారు చెప్పేదానికీ తేడా ఉంటుంది. ఆ తేడాను తప్పుగా భావించి ఏది నిజమని తేల్చడానికి ప్రయత్నించకూడదు. మన గోదావరి జిల్లాల సంక్రాంతి, తెలంగాణ సంక్రాంతి ఒకటేనా?

మన హైదరాబాదుకు ఇరాన్‌తో ఉన్న బంధం పాతది. కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో పునాది పడిన హైదరాబాదు నగర నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ ఇరాన్‌వాడే. అయినా ఈ బంధాన్ని ఆసరా చేసుకుని తొందరపడకూడదు. మన ఇరానీ చాయ్ హోటళ్లను ఇరాన్ నుంచి వలస వచ్చినవారు మొదలుపెట్టిన మాట నిజమే గాని, ఆ చిక్కటి పాల టీని ఇరాన్ ఇళ్లలో ఎవరూ కాయరు. అక్కడ పాలు కలపని టీని గాజు గ్లాసులో పోసి, చక్కెర ముక్కను పళ్ల మధ్య పెట్టుకుని తాగుతారు. పూర్వం ఇరాన్ నుంచి వలస వచ్చిన జొరాస్ట్రియన్లైన పార్సీల సంగతి కూడా అంతే. వారు మార్చి 21న జంషెదీ నవ్‌రోజ్ చేసుకుంటారు, కానీ వారిలో ఎక్కువమంది పాటించే పంచాంగం ప్రకారం కొత్త సంవత్సరం ఆగస్టులో వస్తుంది. పార్సీ మిత్రులుంటే వారి ఇంటికి వెళ్లి చూడవచ్చు. సికింద్రాబాదులోని వారి అగ్ని ఆలయంలోకి మాత్రం ఇతరులకు ప్రవేశం ఉండదు కనుక అడిగి ఇబ్బంది పెట్టకూడదు.

పండగకు ముందు రెండు వారాలు

పని మొలకలతో మొదలవుతుంది. గోధుమలను గాని, పొట్టు తీయని మసూర్ గింజలను గాని పళ్లెంలో మొలకెత్తించి, పచ్చటి దుబ్బుగా పెంచి పండగ బల్లమీద పెడతారు. దీన్ని ‘సబ్జే’ అంటారు. మన పెళ్లిళ్లలో అంకురార్పణ నాడు పాలికలలో నవధాన్యాలు చల్లి మొలకెత్తించే ఆచారం తెలిసినవారికి దీని గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు, కాకపోతే ఇక్కడ మట్టి ఉండదు. ఒక గుప్పెడు గోధుమలను ఒక పగలూ రాత్రీ నానబెట్టి, నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూటకట్టి మొలక మొన కనిపించేదాకా ఉంచాలి. ఆ తరువాత అంచు లోతు తక్కువగా ఉన్న పళ్లెంలో ఒకదానిపై ఒకటి పడకుండా పరచి, పైన తడిగుడ్డ కప్పాలి. మొలకలు గుడ్డను పైకి నెట్టేటప్పుడు దాన్ని తీసివేసి, రోజూ నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. ఇరాన్‌లో ఆ సమయానికి ఇంకా చలి ఉంటుంది కాబట్టి రెండు వారాల ముందు మొదలుపెడతారు. మన మార్చి ఎండలకు అవి త్వరగా పెరిగి, పండగనాటికి పసుపుబారి వాలిపోతాయి కాబట్టి ఇక్కడ తొమ్మిది పది రోజుల ముందు మొదలుపెడితే సరిపోతుంది. పళ్లెం అడుగున నీళ్లు నిలవనిస్తే బూజు పట్టి వాసన వస్తుంది. రోజుకొకసారి పళ్లేన్ని వంచి మిగిలిన నీటిని పారబోయాలి.

ఈ రోజుల్లోనే ఇల్లంతా దులుపుతారు, తివాచీలు ఉతుకుతారు, కొత్త బట్టలు కొంటారు. సంవత్సరంలోని చివరి గురువారం నాడు చాలామంది పోయినవారి సమాధుల దగ్గరికి వెళ్లి వస్తారు. చివరి బుధవారానికి ముందురోజు, అంటే మంగళవారం సాయంత్రం, ‘చహార్‌షంబె సూరీ’ జరుగుతుంది. వీధిలో చిన్న చిన్న మంటలు వేసి, వాటిమీద నుంచి దూకుతూ, ‘నా పాలిపోయిన రంగు నీకు, నీ ఎర్రదనం నాకు’ అని మంటతోనే చెబుతారు. మన భోగిమంట గుర్తుకు రావడం సహజమే గాని, పాత వస్తువులను కాల్చడం దీని ఉద్దేశం కాదు. దూకడమే ముఖ్యం. నగరాల్లో ఇప్పుడు బాణసంచా మోత ఎక్కువై, ఏటా కాలిన గాయాలతో ఆసుపత్రుల పాలయ్యేవారూ ఉంటున్నారు. అపార్టుమెంటులో ఉండేవారు ఈ భాగాన్ని వదిలేసి, ఆ రాత్రి తినే ‘ఆజీల్’ అనే కలగలుపు పప్పులతో సరిపెట్టుకోవచ్చు. పిస్తా, బాదం, హేజల్‌నట్, వేయించిన శనగలు, కిస్‌మిస్, గుమ్మడి గింజలు వంటివి అందులో ఉంటాయి.

బల్ల మీద ఏడు

పండగ బల్లను ‘హఫ్త్‌సీన్’ అంటారు. పారసీక లిపిలో ‘సీన్’ అనే అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులను దానిమీద అమరుస్తారు. అందరూ చెప్పే వస్తువులు ఇవి: మొలకల సబ్జే, గోధుమ మొలకలను రుబ్బి తీసిన పాలతో గంటల తరబడి కాచిన తియ్యని ముద్ద సమనూ, ఎండిన సెంజెద్ పళ్లు, వెల్లుల్లి, యాపిల్, పుల్లటి సుమాక్ పొడి, వెనిగర్. వీటిలో సమనూ, సెంజెద్, సుమాక్ మన ఊళ్లలో దొరకవు. వాటికోసం పెద్ద ధర పెట్టి తెప్పించుకోనవసరం లేదు, ఎందుకంటే ఇరాన్ ఇళ్లలోనే ఈ జాబితా ఒక్కలా ఉండదు. నాణేలు, హయసింత్ పువ్వు, గడియారం, కలోంజీ గింజలు కూడా వారి భాషలో అదే అక్షరంతో మొదలవుతాయి కనుక చాలా ఇళ్లలో వాటినీ పెడతారు. మొలకలు, వెల్లుల్లి, యాపిల్, వెనిగర్, నాణేలు, కలోంజీ, గడియారం కలిపితే ఏ కిరాణా కొట్టూ దాటకుండానే ఏడు పూర్తవుతాయి.

ఏడింటితో పాటు అద్దం, కొవ్వొత్తులు, రంగులు వేసిన కోడిగుడ్లు, ఏదో ఒక గ్రంథం ఉంటాయి. కొందరు ఖురాన్ పెడతారు, కొందరు హాఫిజ్ కవితా సంపుటం పెడతారు, రెండూ పెట్టేవారున్నారు. గాజు పాత్రలో ఎర్ర చేపను పెట్టే అలవాటు కూడా ఉంది. ఆ చేపల్లో చాలా భాగం పండగ వెళ్లకుండానే చనిపోతున్నాయని ఇరాన్‌లోనే ఎంతోమంది దాన్ని మానుకుంటున్నారు, మనం కొత్తగా మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఇక వెల్లుల్లి ఆరోగ్యానికి, యాపిల్ అందానికి, వెనిగర్ ఓర్పుకు గుర్తు అంటూ కనిపించే పట్టికలను మరీ గట్టిగా నమ్మనవసరం లేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతారు. పైగా ఇప్పుడు కనిపిస్తున్న రూపంలో హఫ్త్‌సీన్ దేశమంతటా వ్యాపించినది ఇటీవలి కాలంలోనేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. పండగ మాత్రం వేల ఏళ్ల నాటిది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, దానికోసం కలిసి దరఖాస్తు చేసిన ఏడు దేశాల్లో భారతదేశం కూడా ఉంది.

పండగ అన్నం

సంవత్సరాదికి వండే ప్రధాన వంటకం ‘సబ్జీ పొలో’, అంటే ఆకుకూరల అన్నం. దాని పక్కన చేప ఉంటుంది. కాస్పియన్ తీరంలో దొరికే తెల్ల చేపను ఇష్టపడతారు. మనం ముళ్లు తక్కువగా ఉండే కొరమీను ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, కొంచెం పిండి అద్ది వేయించుకుని, పైన నారింజ రసం పిండుకోవచ్చు. చేప తిననివారికి అన్నం ఒక్కటే చాలు, దానిలోనే పనితనమంతా ఉంది.

అరకిలో పాత బాస్మతి బియ్యానికి, శుభ్రం చేసిన తరువాత నాలుగు వందల గ్రాముల ఆకుకూర తీసుకోవాలి. ఇరాన్‌వారు కొత్తిమీర, పార్స్‌లీ, సోయికూర, సన్నని ఉల్లిజాతి ఆకు ఒకటి, కాస్త మెంతికూర వాడతారు. పార్స్‌లీ దొరకకపోతే కొత్తిమీర వంతు పెంచి, ఉల్లిజాతి ఆకుకు బదులు ఉల్లికాడల పచ్చని భాగం వేసుకోవచ్చు. సోయికూరను మాత్రం వదలకూడదు. ఆ వాసన లేకపోతే అది వేరే అన్నం అవుతుంది. మెంతికూర గుప్పెడు మించితే చేదెక్కుతుంది. ఆకులను కడిగిన వెంటనే తరగకుండా, పాత పంచెమీద పరచి తడి పూర్తిగా ఆరాక, పదునైన కత్తితో సన్నగా తరగాలి. తడి ఆకును తరిగితే నలిగి రసం కారుతుంది, అన్నం ముద్దవుతుంది. మిక్సీలో వేయడం అసలే కూడదు.

బియ్యాన్ని రెండు మూడుసార్లు కడిగి, ఉప్పు వేసిన నీళ్లలో గంటకు తగ్గకుండా నానబెట్టాలి. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నప్పుడు బియ్యం వేసి, ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు ఉడకనివ్వాలి. ఒక మెతుకు తీసి కొరికితే పైన మెత్తగా, లోపల పలుకుగా ఉండాలి. హైదరాబాదీ బిర్యానీ వండేవారికి ఈ అదను బాగా తెలుసు. ఆ అదనులో ఆకుకూర వేసి ఒక్కసారి కలిపి, వెంటనే చిల్లుల గిన్నెలో వార్చేయాలి. కుక్కరు ఈ అన్నానికి పనికిరాదు.

ఇప్పుడు అడుగు మందంగా ఉన్న గిన్నెలో నాలుగు చెంచాల నూనె, ఒక చెంచా నెయ్యి వేడి చేయాలి. రెండు గరిటెల అన్నంలో రెండు చెంచాల పెరుగు, కొద్దిగా కుంకుమపువ్వు నీళ్లు కలిపి అడుగున సమంగా పరవాలి. మొదటిసారి చేసేవారు దానికి బదులు బంగాళాదుంప చక్రాలు పరిస్తే అంటుకునే భయం తక్కువ. మిగిలిన అన్నాన్ని పైన గోపురంలా పోసి, గరిటె కాడతో అక్కడక్కడా అడుగు దాకా గుంతలు చేయాలి. మూతకు దళసరి గుడ్డ చుట్టి, కొసలు మంటకు తగలకుండా పైన ముడివేసి మూయాలి. ఆవిరిని గుడ్డ పీల్చుకోవడం వల్లనే మెతుకులు విడివిడిగా నిలుస్తాయి. మధ్యస్థమైన మంటమీద ఐదారు నిమిషాలు, ఆ తరువాత సన్నని సెగమీద నలభై ఐదు నిమిషాలు ఉంచి దించాలి. గిన్నె అడుగును ఒక్క నిమిషం చల్లని నీళ్ల పళ్లెంలో ఉంచితే కింది పొర ఊడి వస్తుంది. ‘తహ్‌దీగ్’ అని పిలిచే ఈ బంగారు రంగు కరకరలాడే పొర కోసం భోజనాల దగ్గర పోటీ పడతారు. మనం అడుగంటిన అన్నాన్ని నానబెట్టి తోమేస్తాం, వారు దాన్ని అతిథికి మొదట వడ్డిస్తారు.

కుంకుమపువ్వు గురించి ఒక మాట. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో అధిక భాగం ఇరాన్‌దే, అందులోనూ ఎక్కువగా ఖొరాసాన్ ప్రాంతానిది. అంత పండించేవారు కూడా దాన్ని రేకులుగా గిన్నెలో చల్లి వృథా చేయరు. చిటికెడు రేకులను చిటికెడు చక్కెరతో చిన్న కల్వంలో మెత్తగా నూరి, రెండు మూడు చెంచాల వేడినీళ్లు పోసి, మూతపెట్టి పావుగంట ఉంచుతారు. ఆ నీళ్లే వంటలోకి వెళ్తాయి. ఇలా చేస్తే సగం పువ్వుతోనే రంగూ వాసనా వస్తాయి. మన పరమాన్నానికి కూడా ఇదే పద్ధతి వాడుకోవచ్చు.

రెండవ వంటకంగా ‘ఆష్ రెష్తె’ చేసుకోవచ్చు. శనగలు, రాజ్మా, మసూర్ గింజలను మెత్తగా ఉడికించి, పాలకూర, కొత్తిమీర, ఉల్లికాడలు దండిగా వేసి, చివర బల్లపరుపుగా ఉండే గోధుమ సేమ్యా వేసి చిక్కబరిచే జావ ఇది. ఇరాన్ సేమ్యాలో ఉప్పు ముందే ఉంటుంది కనుక అది దొరికినవారు ఉప్పును ఆఖరున చూసి వేసుకోవాలి. పైన వేసే ‘కష్క్’ అనే పుల్లని పాలపదార్థానికి బదులు గుడ్డలో వేలాడదీసిన పుల్ల పెరుగు వాడవచ్చు. వేయించిన ఉల్లిపాయలు, వెల్లుల్లి, నూనెలో వేయించిన ఎండు పుదీనా దీనికి అలంకారం. పుదీనాను నూనెలో వేసిన కొద్ది క్షణాలకే పొయ్యి కట్టేయాలి, లేకపోతే చేదవుతుంది. కోడిగుడ్లు తినేవారు ‘కూకూ సబ్జీ’ ప్రయత్నించవచ్చు. అది అట్టులా కనిపిస్తుంది గాని, అందులో గుడ్డు ఆకుకూరను పట్టి ఉంచేటంత మాత్రమే ఉండాలి.

మిఠాయిల్లో మనకు అన్నిటికంటే దగ్గరిది ‘నాన్ నొఖొద్‌చీ’. రెండు వందల యాభై గ్రాముల పుట్నాల పప్పును మెత్తగా పొడి కొట్టి, రెండుసార్లు జల్లించి, వంద గ్రాముల చక్కెర పొడి, యాలకుల పొడి కలిపి, పేరిన నెయ్యిని కొద్దికొద్దిగా వేస్తూ చేతికి ముద్ద కట్టేదాకా మర్దించాలి. ముద్దను కొన్ని గంటలు పక్కన ఉంచి, మందంగా వత్తి, చిన్న పువ్వుల ఆకారంలో కోసి, పైన ఒక పిస్తా పలుకు పెట్టి, 150 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు కాల్చాలి. ఓవెన్ నుంచి తీసిన వెంటనే ముట్టుకుంటే పొడి అయిపోతాయి, పూర్తిగా చల్లారనివ్వాలి.

ఒకరి ఇంటికి వెళ్లినప్పుడు

సంవత్సరాది తరువాత వచ్చే రోజులన్నీ రాకపోకలవే. చిన్నవారు మొదట పెద్దల ఇళ్లకు వెళ్తారు, తరువాత పెద్దలు వారి ఇళ్లకు వస్తారు. ఒక్కొక్క ఇంట్లో ఎక్కువసేపు ఉండరు. టీ, మిఠాయి, పళ్లు, పప్పులు తీసుకుని లేస్తారు. పిల్లలకు, చిన్నవారికి పెద్దలు ‘ఈదీ’ ఇస్తారు. అది మడత పడని కొత్త నోటు అయి ఉండాలి, దాన్ని ఖురాన్ పుటల మధ్య నుంచి తీసి ఇచ్చే అలవాటు చాలా కుటుంబాల్లో ఉంది. ఆ ఏడాది మనిషి పోయిన ఇంటికి బంధువులు మొదట వెళ్లి పలకరిస్తారు. మన వైపు అటువంటి ఇంట్లో పండగ లేదని ఊరుకుంటాం గాని, ఇరాన్ పరిచయస్తుల ఇంట్లో విషాదం జరిగిందని తెలిస్తే వెళ్లడానికి సంకోచించనక్కరలేదు, కాకపోతే ముందుగా అడిగి వెళ్లాలి.

పిలుపు అందితే చేతిలో పువ్వులో, మిఠాయి పెట్టెనో పట్టుకుని వెళ్లి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ‘నౌరూజ్ ముబారక్’ అంటే చాలు. ఆ తరువాత ఎదురయ్యేది ‘తారోఫ్’. ఇంటివారు పెట్టినదాన్ని అతిథి వద్దంటాడు, వారు మళ్లీ అడుగుతారు, అతను మళ్లీ వద్దంటాడు, మూడవసారి తీసుకుంటాడు. మొహమాటంలో పుట్టి పెరిగిన మనకు ఇది నేర్పవలసినది కాదు. కానీ మన మొహమాటం తినడం దగ్గర ఆగుతుంది, తారోఫ్ డబ్బు దగ్గర కూడా పనిచేస్తుంది. దుకాణదారు ‘దీనికేముంది, ఉంచండి’ అన్నాడని వస్తువు పట్టుకుని వచ్చేయకూడదు. రెండుసార్లు అడిగి డబ్బు ఇవ్వాలి. ఇంట్లో ఏదైనా వస్తువు బాగుందని పొగిడితే ‘మీరే తీసుకోండి’ అంటారు, అది మర్యాద మాటే తప్ప దానం కాదు. సంభాషణలో వారిని అరబ్బులతో కలిపి మాట్లాడకూడదు. వారి భాష పారసీకం, తమ చరిత్ర వేరని వారికి గట్టి పట్టింపు ఉంటుంది. రాజకీయాలను వారంతట వారు ఎత్తితే తప్ప మనం ఎత్తకపోవడం మంచిది.

పదమూడవ రోజు

పండగ పదమూడవ రోజున ముగుస్తుంది. ‘సీజ్‌దహ్ బెదర్’ అనే ఆ రోజున ఇంట్లో ఎవరూ ఉండరు. కుటుంబాలన్నీ తోటలకు, ఏటి గట్లకు, చివరికి రోడ్డు పక్క పచ్చికమీదికైనా వెళ్లి పగలంతా గడుపుతాయి. మన కార్తిక వనభోజనాలకు వెళ్లేవారికి సరంజామా అంతా సిద్ధంగానే ఉంటుంది, ఎండ మాత్రం ఎక్కువ కనుక పొద్దున్నే వెళ్లి పదింటికల్లా తిరిగి రావడం మేలు. ఇంట్లో పెంచిన మొలకలను ఆ రోజు పారే నీటిలో వదులుతారు, పెళ్లి కావలసినవారు కోరిక తలచుకుని గడ్డిపోచలు ముడివేస్తారు. మన కాలువల పరిస్థితి చూసి నీటిలో వేయాలనిపించకపోతే, మొలకలకు కట్టిన దారాలూ రిబ్బన్లూ విప్పేసి ఏదైనా చెట్టు మొదట్లో వేయవచ్చు.

ఆ రోజు తినేవాటిలో తప్పక చేసుకోవలసినది ‘సెకంజబీన్’. రెండు కప్పుల చక్కెరను ఒక కప్పు నీళ్లలో కరిగించి, మరిగిన తరువాత అరకప్పు వెనిగర్ పోసి, సన్నని సెగమీద పావుగంట సేపు చిక్కబడనివ్వాలి. దించేముందు ఒక కట్ట పుదీనాను కాడలతో సహా వేసి, చల్లారాక పిండి తీసేయాలి. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు దీనికి వాడకూడదు, స్టీలు గిన్నె మంచిది. పాకాన్ని చిన్న గిన్నెలో పోసి, కడిగి తుడిచిన లెట్యూస్ ఆకులను అందులో ముంచుకుని తింటారు. వెనిగర్ పేరు వినగానే వెనుకాడేవారు సైతం రెండవ ఆకుకు తామే చేయి చాస్తారు. మిగిలిన పాకాన్ని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే వేసవిలో చాలాకాలం నిలవ ఉంటుంది. నాలుగు చెంచాలు గ్లాసులో వేసి, చల్లని నీళ్లు పోసి, కీరదోసకాయ తురుము కలిపి ఇరాన్‌వారు మండువేసవిలో షర్బత్‌గా తాగుతారు.